మిగిలిన రెండు గొర్లు

(ఎనిమిదవ భాగం)

పోయిన వారం మనం రామచంద్రయ్య సారును చేయరాని పని చేస్తుండగా చూసి, అక్కడే వదిలేసి వచ్చాం. అది శుక్రవారం మధ్యాహ్నం. ఇస్రాయేలు ఈతచాపలు అడిగి తేవడానికి ఊళ్లోకి పోయాడు. ఆ సందు చూసుకుని రామచంద్రయ్య మూడో తరగతిలోకి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, మర్నాడు ఇస్రాయేలు అందరి ముందు చెప్పవలసిన పాఠాన్ని పొల్లు పోకుండా పిల్లలకు చెప్పేశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. నిద్రలో లేపి అడిగినా చెప్పేటట్టు వల్లె వేయించాడు.

పంతులు పాఠం చెప్తే తప్పెట్లా అవుతుంది అంటారా? అది తెలియాలంటే మల్లెబోయినగూడెం బడి సంగతి ఇంకొకసారి చెప్పుకోవాలి.

ఆ బడికి ఇద్దరే పంతుళ్లు. పెద్దసారు రామచంద్రయ్యది ఇరవై రెండేళ్ల సర్వీసు. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకుని, తెలుగులో పాఠం చెప్పడం తనంతట తానే నేర్చుకున్న మనిషి. చిన్నసారు ఇస్రాయేలు వచ్చి ఎనిమిది నెలలయింది. శిక్షణ లేదు, ఉద్యోగం తాత్కాలికం. నెలకొక శనివారం చుట్టుపక్కల ఊళ్ల పంతుళ్లందరూ ఏదో ఒక బడిలో కూడతారు. ఒకరు ఆ బడి పిల్లలకు పాఠం చెప్తారు, మిగతావాళ్లు వెనక చాపల మీద కూర్చుని చూస్తారు. అయిపోయాక ప్రతి ఒక్కరూ లేచి ఆ పాఠంలో ఒక మంచి, ఒక లోపం చెప్పాలి. ఒకటే చెప్పి కూర్చుంటానంటే ఒప్పుకోరు. పంచాయతీ సమితి వచ్చిన నాటి నుంచి, నాలుగేళ్లుగా, ఈ బడి వంతు వచ్చినప్పుడల్లా మాదిరి పాఠం రామచంద్రయ్యదే. ఈసారి బళ్లు తనిఖీ చేసే విస్తరణాధికారి కొత్తతన్ని చెప్పమన్నాడు. పాఠం బాగుంటే ఇస్రాయేలు పేరు నల్లగొండ శిక్షణకు పోయే జాబితాలోకి ఎక్కుతుంది. బాగులేకపోతే ఎండాకాలం సెలవులతో పాటు ఉద్యోగమూ ముగుస్తుంది.

ఇస్రాయేలు ఉద్యోగం పోవాలని రామచంద్రయ్యకు లేదు. ఈ మాట ఆయన తనకు తాను చాలాసార్లు చెప్పుకున్నాడు. పాఠం కొంచెం చప్పబడితే చాలు, అంతే.

కానీ లోపల ఉన్నది వేరు. ఒకప్పుడు ఆయన బడికి వస్తుంటే పిల్లలు ఎదురు పరుగెత్తుకొచ్చి గొడుగు అందుకునేవాళ్లు. ఇప్పుడు గొడుగు ఆయన చంకలోనే ఉంటోంది, పిల్లలు ఇస్రాయేలు సైకిలు చుట్టూ మూగుతున్నారు. పక్క ఊరి ఏకోపాధ్యాయ బడి నడిపే సోమన్న ఆయనకు ఇరవయ్యేళ్ల స్నేహితుడు. ఆ సోమన్న మొన్న సంతలో కలిసి, "మీ చిన్నసారు పాఠాల నోటుబుక్కు జర ఇప్పియ్యరాదే, రాసుకుంట" అన్నాడు. రామచంద్రయ్య నవ్వుతూ తలూపాడు. ఆ పూట అన్నం సహించలేదు. ఇరవయ్యేళ్లలో సోమన్న తన నోటుబుక్కు ఒక్కసారైనా అడిగాడా అని కంచం ముందు కూర్చుని లెక్కపెట్టుకున్నాడు. అడగలేదు.

అసలు ఆ నోటుబుక్కే కొంప ముంచింది. మాదిరి పాఠం చెప్పేవాళ్లు దాని పథకం రాసి మూడు రోజుల ముందు పెద్దసారు సంతకానికి ఇవ్వాలి. సంతకం పడ్డాక అందులో ఒక్క అంకె కూడా మార్చరాదు. ఇస్రాయేలు ఇచ్చాడు. రామచంద్రయ్య మూడు పేజీలు ఆబగా చదివాడు. భాగహారం. పదిహేడు గొర్రెలు, ఐదుగురు కొడుకులు. ఇరవై మూడు గొర్రెలు, నలుగురు. ముప్పై ఒకటి, ఆరుగురు. నేలమీద సుద్దతో దొడ్లు గీసి, గొర్రెలకు బదులు చింతగింజలు పెట్టి పంచాలి. లెక్కలు మూడూ పాత క్యాలెండరు కాగితం వెనక ఎత్తి రాసుకుని, మూడో పేజీ కింద సంతకం గిలికాడు. వెనక ఇంకో పేజీ ఉన్నట్టుంది. లెక్కలు అయిపోయాక దానితో ఆయనకు పనేముంది?

శుక్రవారం మూసిన తలుపు వెనక మాత్రం ఒక చిత్రం జరిగింది. గింజల పద్ధతి ఇస్రాయేలుదని ఆయన నమ్మకం. అయినా నేలమీద కూర్చోగానే చేతులు వాటంతట అవే కుప్పలు పోశాయి. పాత అలవాటేదో ఉన్నట్టు పని సులువుగా సాగింది. ఎందుకలా అని ఆలోచించే ఓపిక ఆయనకు లేదు. జవాబులు వల్లె వేయించి లేచాడు.

ఇప్పుడు శనివారం పొద్దున.

తొమ్మిదింటికల్లా ఇరవై మంది పంతుళ్లు చేరారు. కొందరు సైకిళ్ల మీద, కొందరు కాలువ పనికి రాళ్లు తోలే లారీల మీద, సోమన్న ఎప్పటిలాగే నడిచి. ఇస్రాయేలు తెల్లచొక్కా తొడుక్కున్నాడు. అది ఉతికి ఉతికి పలచబడింది గానీ ఇస్త్రీ మడత చెదరలేదు. నేలమీద ఐదు గుండ్రాలు గీశాడు. ఒకటి వంకర పోతే చెరిపి మళ్లీ గీశాడు. రామచంద్రయ్య దాన్ని చూశాడు, తన మొదటి మాదిరి పాఠం నాడు తన గీత కూడా ఇట్లాగే వంకర పోయిందని గుర్తొచ్చింది, వెంటనే ఆ గుర్తును పక్కకు తోసేశాడు.

విస్తరణాధికారి కృష్ణకు ఆవలి ఒడ్డు నుంచి వచ్చినవాడు. మాట మెత్తన, కలం పదును. వెనక వరసలో కుర్చీ వేస్తే వద్దని తనూ చాప మీదే కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకున్నాడు.

"గుర్వయ్యకు పదిహేడు గొర్లున్నయి," ఇస్రాయేలు మొదలుపెట్టాడు. "ఆయనకు అయిదుగురు కొడుకులు. గా గొర్లను..."

"మూడు! శేషం రెండు!" తరగతి మొత్తం ఒక్క గొంతుతో అరిచింది.

ఇస్రాయేలు చేతిలో గింజలు చేతిలోనే ఉన్నాయి. ఒక్కటీ నేలమీద పడలేదు. అతను నవ్వాలని చూశాడు.

"మంచిది. ఇగ ఇంకొకటి. ఇరవై మూడు గొర్లు, నలుగురు..."

"అయిదు! శేషం మూడు!"

వెనక ఎవరో దగ్గారు. విస్తరణాధికారి కలం ఆగింది. మూడో లెక్కకు ఇస్రాయేలు నోరు తెరిచాడో లేదో, గొర్రెలు ఎన్నో చెప్పక ముందే, ముందు వరస పిల్లవాడొకడు లేచి "అయిదు, శేషం ఒకటి" అని చెప్పి చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

చాపల మీద ఉన్నవాళ్లంతా ఒకే వృత్తివాళ్లు. ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ముందే వల్లించిన పాఠం ఎట్లా ఉంటుందో పంతుళ్లకు తెలిసినంత ఎవరికి తెలుసు? సోమన్న తల వంచుకుని చాప ఈనె పీకుతున్నాడు. ఇస్రాయేలు చెవులు ఎర్రబడ్డాయి. అతను మెల్లగా తల తిప్పి రామచంద్రయ్య వైపు చూశాడు. ఒక్క క్షణమే.

రామచంద్రయ్యకు సంతోషమయింది. దాచడం దేనికి, అయింది. ఎనిమిది నెలలుగా గుండెలో గుచ్చుకుంటున్నది ఒక్కసారిగా ఊడి వచ్చినట్టు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి పూర్తిగా వదలక ముందే వెనక మూల నుంచి ఒక సన్నటి గొంతు లేచింది.

"సారూ, రెండు మిగిలినయి గదా. గవి ఎవరియి?"

అడిగింది సుక్కమ్మ. గొర్రెలు కాసే పర్వతాలనే ఆయన బిడ్డ, ఎనిమిదేళ్లది. అందరూ అరిచినప్పుడు అది అరవలేదు. ఇంకా మొదటి లెక్క దగ్గరే ఆగిపోయి ఉంది.

"శేషం రెండు. గంతే!" ముందు వరస పిల్లవాడు విసుక్కున్నాడు.

"శేషమంటే ఏంది? గొర్లే గదా? రాత్రికి ఏ దొడ్లె పంటయి మరి?"

ఇస్రాయేలు ఆ పిల్లను చూశాడు. సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. వచ్చి గుండ్రాల పక్కన నేలమీద బాసింపట్టు వేసుకు కూర్చుని, పదిహేడు గింజలు కుప్పగా పోశాడు.

"నాకు గూడ తెల్వదు బిడ్డా. రాండ్రి, పంచి చూద్దాం."

పిల్లలు లేచారు. లేచి గుండ్రాల చుట్టూ చేరారు. ఐదు దొడ్లు, మూడేసి గింజలు. బయట రెండు. ఇందాక గొంతు చించుకుని అరిచినవాళ్లే ఆ రెండు గింజలను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"పెద్దకొడుక్కియ్యాలె."

"ఎందుకు? పెద్దోడయితే రెండు కడుపులుంటయా?"

"ఇద్దరికి ఒకటొకటి ఇస్తె?"

"వాళ్లకు నాలుగయితయి. కడమోళ్లు ఊకుంటరా? కొట్లాటయితది."

"మల్లన్న జాతరకు ఇడువాలె!"

సుక్కమ్మ గింజలను వేలితో తాకుతూ పెదాలు కదుపుతోంది. చివరకు తలెత్తింది. "ఇంక మూడు పిల్లలు పుట్టేదాంక ఆగాలె సారూ. అప్పుడు అందరికి నాలుగు నాలుగొస్తయి. ఇయ్యాల పంచుడు వద్దు."

వెనక నుంచి నవ్వులు, చప్పట్లు. సోమన్న మోకాళ్ల మీద లేచి ముందుకు వచ్చేశాడు. విస్తరణాధికారి గబగబా రాసుకుంటున్నాడు. రామచంద్రయ్య ఒక్కడే కదలలేదు. పదిహేడును ఐదుతో భాగించడం ఆయన ఇరవై రెండేళ్లుగా చెప్తున్నాడు. నిన్న కూడా మూడుసార్లు చెప్పాడు. ఆ రెండు గింజలు నిన్న కూడా అక్కడే, ఆ నేలమీదే మిగిలాయి. వాటిని ఆయన తీసి డబ్బాలో వేశాడు. అవి ఎవరివని అడిగే సందు పిల్లలకు ఇవ్వాలని తోచనే లేదు. ఎత్తుకుపోయిన పాఠంలో అసలుది ఎత్తుకుపోవడం తనకు చేతకాలేదని తెలిసినప్పుడు, ఇందాకటి హాయి అంతా ఎటో పోయింది.

విస్తరణాధికారి సుక్కమ్మను దగ్గరకు పిలిచాడు. "చాలా బాగా చెప్పావమ్మా. మరి మొదట వాళ్లంతా జవాబులు చెప్తుంటే నువ్వు నోరు విప్పలేదేం?"

"నాకు రావు సారూ. నిన్న నేను బడికి రాలే. మా గొర్రె ఈనింది. నిన్ననే చెప్పిన్రంట గదా అవన్ని."

"ఎవరు చెప్పారు?"

"పెద్దసారు."

పిల్ల చెప్పవలసింది చెప్పి పోయి తన చోట కూర్చుంది. ఇరవై తలలు ఒక్కసారి తిరిగాయి. రామచంద్రయ్య ఏదో అనబోయాడు. ఇరవై రెండేళ్ల మర్యాద కళ్లముందే జారిపోతుంటే పట్టుకోవడానికి ఏ మాటా దొరకలేదు.

"నేనే చెప్పమన్న సార్," అన్నాడు ఇస్రాయేలు.

విస్తరణాధికారి అతని వైపు చూశాడు.

"నాకు భయమయింది. పిల్లలు అందరి ముందట బెదురుతరని. జర ఒకసారి చెప్పి పెట్టున్రి సార్ అని నేనే పెద్దసారును బతిమాలుకున్న. తప్పు నాది."

"ముందే చెప్పించిన పాఠాన్ని మాదిరి పాఠంగా లెక్కలోకి తీసుకోరని నీకు తెలుసా?"

"తెలుసు సార్."

విస్తరణాధికారి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ వేళ మంచీ లోపం చెప్పడం వద్దన్నాడు. నాలుగేళ్లలో అట్లా జరగడం అదే మొదలు. భోజనాలయ్యాక అందరూ వెళ్లిపోతుండగా రామచంద్రయ్యను అరుగు మీదకు పిలిచి ఒక తెల్లకాగితం ఇచ్చాడు.

"మాస్టారూ, ఆ అబ్బాయి మాట నాకు నమ్మబుద్ధి కావడం లేదు. నమ్మినా నమ్మకపోయినా నోటిమాట మీద కాగితం కదలదు. బడి మీది, పాఠం మీ కళ్లముందు జరిగింది. రెండు ప్రశ్నలు రాశాను. మీ రాతతో జవాబివ్వండి. నేను హాలియాలో సమితి ఆఫీసులో ఉంటాను. ఐదు గంటల బస్సుకు నల్లగొండ వెళ్తున్నా, జాబితా నాతోనే వెళ్తుంది. దాంట్లో ఆ అబ్బాయి పేరు ఉంచాలో కొట్టెయ్యాలో మీ జవాబును బట్టే."

కాగితం మీద ఉన్నవి ఇవి: పాఠం పిల్లలకు ముందుగా తెలుసునా? తెలిసినచో, ఎవరి ప్రమేయంతో?

మూడు గంటలకు బడి ఖాళీ అయింది. ఇస్రాయేలు చాపలు చుడుతున్నాడు. రామచంద్రయ్య బల్ల ముందు కాగితం పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎందుకట్ల చెప్పినవ్?" రామచంద్రయ్య అడిగాడు.

"ఏంది సార్?"

"ఏందంటవేంది? నువ్వు నన్నడగలే. మరి గా మాటెందుకన్నవ్? నా మీద దయ చూపెడ్తున్నవా?"

ఇస్రాయేలు చాప గోడకు నిలబెట్టాడు. "దయ గాదు సార్, భయం. మీరు చెప్పిన్రని నేనంటె, చెప్పలేదని మీరంటరు. ఇరవై రెండేండ్ల సారు మాట ఒక దిక్కు, ఎనిమిది నెలల నా మాట ఒక దిక్కు. గా చాపల మీద కూసున్నోళ్లల్ల నా దిక్కు ఎంతమంది లేస్తరు? మా నాయిన ఇప్పటికి కాలువ కాడ మట్టి మోస్తుండు. నేను ఏడ నిలబడ్డనో నాకెరుకనే."

"పిల్ల చెప్పింది గదా, నీకు సాక్ష్యమున్నది."

"గందుకే చెప్పిన. పిల్లను నడుమ నిలబెట్టి, నిజమా అబద్ధమా అని అందరు గలిసి అడుగుతుండె. అది ఏడుస్తుండె. ఇయ్యాల గంత మంచిగ మాట్లాడిన పిల్ల రేపటి సంది నోరు తెరువకపోతుండె."

రామచంద్రయ్య గొంతు పెంచాడు. "నేను చెప్పిన్నని నీకు పిల్ల అనేదాంక ఎరుకలేదా?"

"నిన్ననే ఎరుక సార్. చాపలు తీస్కొని వచ్చేసరికి తలుపు దగ్గరికేసున్నది. లోపట మీ గొంతు. అరుగు మీద కూసొని మొత్తం విన్న."

"మరి లోపటికి రాలేదేం? నన్ను నిలదీయలేదేం?"

ఇస్రాయేలు ఇంకో చాప అందుకున్నాడు. "మంచిగ చెప్తున్నరు సార్. నడుమ ఆపబుద్ధి కాలే."

తిట్టి ఉంటే రామచంద్రయ్య తట్టుకునేవాడు. తిట్టుకు తిట్టు ఆయన దగ్గర సిద్ధంగా ఉంది. ఈ మాటకు మాత్రం ఒళ్లంతా కారం పూసినట్టయింది. తనకు మెచ్చుకోలు ఈ పిల్లవాడి దగ్గర నుంచి రావాలా? వాడు ఇవ్వాలి, తను పుచ్చుకోవాలా?

"కాని ఒక్కటి మాత్రం నాకు సమజ్ కాలే," ఇస్రాయేలు గొంతులో అప్పుడు మొదటిసారి కోపం వినిపించింది. "తలుపెందుకు ఏసుకున్నరు సార్? తలుపు తెరిచి చెప్తె నేను గూడ వచ్చి పిల్లల పక్కపొంటి కూసుంటుంటి. నాకు శిక్షణ లేదాయె. ఒకరు చెప్తుంటె చూసి నేర్చుకునుడు తప్ప నాకు ఇంకో తొవ్వ ఏది?"

రామచంద్రయ్య కలం తీశాడు. మొదటి ప్రశ్న కింద 'తెలుసును' అని రాశాడు. రెండో దాని దగ్గర ఆగాడు. ఆగి, తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. వాడే అందరి ముందు ఒప్పుకున్నాడు కదా, నేను కొత్తగా కల్పించేది ఏముంది? వాడి మాటే నేను రాస్తున్నాను. అసూయ అనేది ఎప్పుడూ ఇట్లాగే ఒక న్యాయం వెతుక్కుని గానీ కదలదు. 'ఉపాధ్యాయుడు ఇస్రాయేలు ప్రమేయంతో' అని గుండ్రటి అక్షరాలతో రాసి, సంతకం పెట్టి, కవరులో వేసి జిగురు అంటించాడు.

బడి టపా హాలియాకు మోసేది ఎప్పుడూ ఇస్రాయేలే. సైకిలు ఉన్నది అతనికే.

"ఐదు లోపల చేరాలె," అని కవరు చాపాడు.

ఇస్రాయేలు అందుకున్నాడు. ముందూ వెనకా తిప్పి చూశాడు. "ఏం రాసిన్రు సార్?"

"అతికిచ్చిన గదా. గింక అడుగుడేంది?"

ఇస్రాయేలు కవరు చెమటకు తడవకుండా రుమాలులో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సైకిలు గొలుసు చప్పుడు వాకిలి దాటి, బాట ఎక్కి, వినబడకుండా పోయింది.

పని అయిపోయింది. రామచంద్రయ్య లేచి బల్ల సర్దసాగాడు. గంట, హాజరు పట్టీ, సుద్దల డబ్బా. వాటి కింద ఇస్రాయేలు నోటుబుక్కు ఉంది. బీరువాలో పెడదామని తీశాడు. తీసి, ఎందుకో తెరిచాడు. గెలిచినవాడు ఓడినవాడి వస్తువును ఒకసారి తిరగేసి చూస్తాడే, అట్లా. మూడో పేజీ కింద తన సంతకం. దాని వెనక, ఆ రోజు తిప్పకుండా వదిలేసిన పేజీ.

'ఈ పద్ధతి ఎక్కడిది' అని పైన శీర్షిక. కింద ఇస్రాయేలు పొందికైన దస్తూరీ.

'పోయిన శ్రావణంలో సుక్కమ్మ అనే పిల్ల పలక పగలగొట్టుకుని అరుగు మీద ఏడుస్తుండగా మా ప్రధానోపాధ్యాయులు ఆ పిల్ల పక్కన కూర్చుని, చింతగింజలు కుప్పలు పోసి లెక్క చెప్పారు. నేను లోపలి నుంచి చూశాను. ఒక గింజ మిగిలితే, ఇది ఎవరిది సారూ అని ఆ పిల్ల అడిగింది. వారు నవ్వి, నువ్వే చెప్పు అన్నారు. లెక్క చెప్పడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. వారికి ఆ సంగతి గుర్తు ఉండకపోవచ్చు. ఈ పాఠంలో మంచి ఉంటే అది వారిది. లోపం ఉంటే నాది.'

అడుగున 'ప్రధానోపాధ్యాయులు చదివి చేయు సంతకం' అని రాసి ఒక గీత గీసి ఉంది. గీత మీద ఏమీ లేదు.

రామచంద్రయ్య కుర్చీ కోసం వెనక్కి చేయి చాపాడు. కుర్చీ అందలేదు. వాన రోజు, తడి అరుగు, ముక్కలైన పలక, ముక్కు ఎగబీల్చుకుంటూ ఒక పిల్ల, అన్నీ ఒక్కటొక్కటిగా గుర్తొచ్చాయి. అయిదు నిమిషాల పని. బువ్వ తిని చేయి కడుక్కున్నట్టు మరిచిపోయిన పని. ఎనిమిది నెలలుగా రాత్రీ పగలూ దేన్ని చూసి కుళ్లిపోతున్నాడో అది తన వస్తువే. ఆ పిల్లవాడు దాన్ని భద్రంగా దాచి, పేరు రాసి, సంతకానికి తెచ్చి తన చేతికిచ్చాడు. తను చూడలేదు.

గోడ గడియారం నాలుగు దాటి పది నిమిషాలు చూపుతోంది.

ఆయన నోటుబుక్కు చేత పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. తర్వాత నడక పరుగయింది. గొడుగు మరిచాడు, బడి తలుపు బార్లా తెరిచే వచ్చాడు. యాభై ఏళ్లకు దగ్గర పడిన పంతులు పంచె ఎగ్గట్టి పరుగెత్తుతుంటే ఊరి జనం ఇళ్లలోంచి తొంగి చూశారు. హాలియా ఆరు మైళ్లు. బాట మీద ఇస్రాయేలు సైకిలు జాడ ఎక్కడా లేదు, మాఘమాసపు దుమ్ము మాత్రం ఉంది.

వెనక నుంచి రాళ్ల లారీ వస్తున్న మోత వినిపించింది. రామచంద్రయ్య బాట నడిమికి వెళ్లి రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు. లారీ అరుచుకుంటూ వచ్చి ఆయనకు మూరెడు దూరంలో ఆగింది.

"చావబుద్ధయిందా పంతులూ?" డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు. "గిట్ల అడ్డం నిలబడ్తరా ఎవరన్న?"

"హాలియా పోవాలె అన్నా, జల్ది పోవాలె." ఆయన అప్పటికే తలుపు పట్టుకుని ఎక్కుతున్నాడు. ఊపిరి అందడం లేదు.

"గంత ఆత్రమేంది? ఎవరికన్న పాణం బాగలేదా?"

"ఒక కాగితం రాసిచ్చిన. దాంట్ల అబద్ధమున్నది. అది తీస్కొని సాబ్ బస్సెక్కకముందే నేను పోయి, చేసింది నేనే అని చెప్పాలె."

డ్రైవరు ఆయన్ను వింతగా చూసి లారీ కదిలించాడు. రాళ్లు ఒకదానికొకటి కొట్టుకుని మోత చేశాయి. రామచంద్రయ్య నోటుబుక్కును రెండు చేతులా గుండెకు అదుముకుని ముందుకు వంగి కూర్చున్నాడు. వేగంగా వెళితే అరగంట. బస్సు కదలడానికి ఇంకా వ్యవధి ఉంది.

"ఐదు గంటల బస్సు అందుతదా?" అని అడిగాడు.

"నల్లగొండ బస్సా?" డ్రైవరు బాట మీద నుంచి చూపు తిప్పకుండా అన్నాడు. "ఇయ్యాల శనివారం గద పంతులూ. ఈ నెల సంది శనివారం గది నాలుగున్నరకే ఎల్లిపోతది."